చిన్నతుపాకికి చవుక దుర్భిణి

తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని పిల్లవాడు గాలితుపాకి కావలెనని పట్టుపట్టి తెప్పించుకొనిన యింట, తుపాకి వచ్చిన మఱుసటి వారముననే రెండవ కోరిక బయలుదేరుచున్నది. తుపాకిమీద నమర్చు దుర్భిణి కావలెను. వ్యవహారమున దానిని స్కోపు అనుచున్నారు. ఏది కొనవలెను, ఎంత పెట్టవలెను, ఎంత పెద్దదైన నంత మంచిదేనా యని తండ్రులు చిక్కులో పడుచున్నారు. లైసెన్సు సంగతి తెలిసికొన నాయొద్దకు వచ్చినవారు సైతము తుద కీ ప్రశ్న వేయకుండ లేచుట లేదు. చెప్పదలచినదానిని దాపరికము లేక మొదటనే చెప్పెదను. మనవారు గాజు పెంపునకు డబ్బు పోయుచున్నారు. గాజు నాణ్యమునకు పోయుట లేదు. కొందఱికైతే అసలు దుర్భిణియే యక్కఱలేదు.

ధర సంగతికి ముందు చట్టము సంగతి. వ్రాయువాడు వకీలైనప్పుడు పాఠకులీ శిక్ష ననుభవింపక తప్పదు. 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధచట్టము భారతీయుని చేతినుండి తుపాకిని లాగికొని తెల్లవాని చేత నుండనిచ్చెను. అహింసనే వ్రతముగా గొనిన గాంధీమహాత్ముడు సైతము తన ఆత్మకథలో ఆ యవమానమును తీవ్రముగా గర్హించియుండెను. 1931లో కరాచీ కాంగ్రెసు తన ప్రాథమికహక్కుల తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము నుంచుకొను హక్కును గూడ చేర్చెను. రాజ్యాంగమున నా హక్కు చేరలేదు. చేరకుండుటయే మేలని నా యభిప్రాయము. అయినను 1959 ఆయుధచట్టపు 13వ సెక్షను ఒక చిన్న కిటికీని తెఱచి యుంచినది. కేంద్రప్రభుత్వపు గుర్తింపుగల రైఫిలుక్లబ్బు సభ్యుడు గుఱియభ్యాసమునకై పాయింట్ 22 బోరు రైఫిలును గాని గాలితుపాకిని గాని కోరినయెడల, నిరాకరించుటకు చట్టమున జెప్పిన కారణములు లేనిచో, లైసెన్సు ఇయ్యవలసినదే. 2019 సవరణ వ్యక్తి యుంచుకొనదగు తుపాకుల సంఖ్యను మూటినుండి రెంటికి దించినప్పుడును, క్లబ్బు సభ్యుని యీ చిన్నతుపాకికి గల మినహాయింపు చెక్కుచెదరలేదు. ఇక 2016 ఆయుధనియమముల ప్రకారము 4.5 మిల్లీమీటర్ల బోరునకును 20 జౌళ్ల శక్తికిని మించని గాలితుపాకికి లైసెన్సే యక్కఱలేదు.

ఇం దంతటను ముఖ్యమైన మాట గుఱియభ్యాసము. చట్టము నమ్మినది తుపాకిని గాదు, గుఱిబల్లను. మన పెద్దలు కోరిన పెద్దహక్కులో మనకు దక్కినది యీ చిన్న కిటికీ మాత్రమే. దానిని మూయించుటకు నలుగురు తుంటరులు చాలుదురు.

తెనాలిలో తుపాకినిగూర్చి వ్రాయునపుడు కలము కొంచెము తడబడును. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పులలో ఏడుగురు నేలకొరిగిన యూరది. రణరంగచౌకు మీదుగా బడికి పోవు బాలునితో తుపాకి యాటవస్తువని చెప్పుటకు నోరాడదు. గుఱివిద్య వేఱు. అది ప్రాణములేని కాగితము నెదుట నిలిపి, మనిషి తన యూపిరితోను తన చేతివణకుతోను పడు పెనుగులాట. ఆ పెనుగులాటలో దుర్భిణి చేయు సాయ మెంత యనునది చూడవలసిన సంగతి.

కొన్నినెలల క్రిందట రేపల్లె చేరువపల్లెనుండి యొక రైతు నాయొద్దకు వచ్చెను. "వకీలుగారూ, మావాడికి ఒలింపిక్సు పిచ్చి పట్టిందండి. పదహారు వేల స్కోపు లేకపోతే వాడి తుపాకి దేనికీ పనికిరాదంటున్నాడు" అనెను. "ఒలింపిక్సుకు పోయేవాడికి ఆ స్కోపే పనికిరాదు, పెట్టుకుంటే పోటీలోకి రానివ్వరు" అని నే ననగా ఆయన నమ్మలేక నావంక చూచెను. నిజమదియే. ఒలింపిక్సున నేడు జరుగు రైఫిలు పోటీలయందు పెంపుగాజును తుపాకిపై నమర్చుట నిషిద్ధము. 2024 ఆగస్టు 1న ఫ్రాన్సులోని షాతరూలో స్వప్నిల్ కుసాళే 50 మీటర్ల మూడుభంగిమల రైఫిలు పోటీలో 451.4 పాయింట్లతో కాంస్యపతకమును గెలిచెను. కొల్హాపూరు జిల్లాలోని పల్లెటూరివాడు. రైల్వేలో టిక్కెట్లు తనిఖీచేయు నుద్యోగము చేసినవాడు. అతడు వాడినది మనము చెప్పుకొనుచున్న పాయింట్ 22 చిన్నతుపాకియే. దానిపై దుర్భిణి లేదు. కంటిదగ్గఱ చిన్నరంధ్రము, గొట్టము కొనయందొక వలయము, అంతే. దీనిని పీపుసైటు అందురు. 2012లో లండనులో 10 మీటర్ల గాలితుపాకి పోటీలో కాంస్యమందుకొనిన మన హైదరాబాదు గగన్ నారంగు చూచినదియు నట్టి రంధ్రమునుండియే.

ఆ పోటీల గుఱి యెంత చిన్నదో తెలిసినచో ఆశ్చర్యము కలుగును. 10 మీటర్ల గుఱికాగితముమీద పదిపాయింట్ల చుక్క యర మిల్లీమీటరు. 50 మీటర్ల గుఱిలో పదిపాయింట్ల వలయపు వ్యాసము 10.4 మిల్లీమీటర్లు. దుర్భిణి లేని కన్ను ఆ చుక్కను చూడనే చూడదు. నల్లని వృత్తమును వలయము నడుమ సరిగా నిలుపును. చుక్క దానంతటదియే నడుమనుండును. చూచుటకన్న నిలుపుట ముఖ్యమని యీ యేర్పాటే చెప్పుచున్నది. కదలుచుండు గుఱిని కొట్టు పోటీలలో మాత్రము దుర్భిణికి చోటున్నది. 10 మీటర్ల దూరమున నది నాలుగింతల పెంపునకు మించరాదని నియమము. ఆ పోటీలు 2004తో ఒలింపిక్సునుండి తొలగిపోయినవి.

కావున పోటీకి పోదలచిన బాలుని తండ్రి పీపుసైటు కొనవలెను. మిగిలిన సొమ్మును పెల్లెట్లకును శిక్షణకును వెచ్చింపవలెను. ఎన్.సి.సి.లో చేరి పాయింట్ 22 రైఫిలు పట్టిన మన కాలేజీపిల్లలకు ఈ సంగతి చెప్పనక్కఱలేదు.

మఱి దుర్భిణి యెవరికి? మొదటివాడను నేనే. నలువదేండ్లు దాటి, దస్తావేజులు చదివి చదివి, చత్వారము వచ్చినవాడను. తుపాకి వెనుకనున్న గంటు, ముందున్న ముల్లు, అవతలనున్న గుఱి, ఈ మూడును మూడు దూరములలో నుండును. కన్ను ఒకమాఱు ఒక్కదానినే స్పష్టముగా పట్టగలదు. పదునాఱేండ్ల కన్ను వానిమధ్య గంతులు వేయును. నలువదియైదేండ్ల కన్ను మొరాయించును. దుర్భిణిలో గుఱియు, గుఱిచూపు గీతలును ఒకే తలముమీద కనబడును. వయసు మీఱినవానికిది పెద్ద యుపకారము. రెండవవాడు, తన తుపాకికి ఏ తూటా సరిపడునో తెలిసికొనగోరువాడు. నాలుగురకముల తూటాలను సంచిమీద నానించి కాల్చి చూచునపుడు కంటి లోపమును లెక్కనుండి తీసివేయవలసియుండును. బల్లమీద నానించి కాల్చు పందెములవారును కలరు. వీరందఱికిని దుర్భిణి పనిముట్టే. తక్కినవారికి సొగసు.

ఇక చవుకగా కొనవలసినవాడు చూడవలసినవి. దుర్భిణిపై 4×32 అనియో 3-9×40 అనియో అంకెలుండును. మొదటిది పెంపు, రెండవది ముందుగాజు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవదానిని మొదటిదానితో భాగించినచో కంటిలోనికి వచ్చు వెలుగుచుక్క వెడల్పు తెలియును. 4×32కు 8 మిల్లీమీటర్లు. 24×50కి రెండింటికన్న రవంత యెక్కువ. చుక్క పెద్దదైన కొలది కన్ను కుదురుట సులభము. సన్నబడిన కొలది మెడ నిక్కించి వెదకికొనవలెను. అంగడివాడు మొదట జూపునది పెద్ద యంకె. చవుక దుర్భిణిలో పెద్దయంకె యనగా మసక గాజును పెద్దదిచేసి చూపుటయే. అదియును గాక మన డెల్టాలో ఫాల్గుణము దాటినపిదప పదిగంటలకే నల్లరేగడి నేలనుండి యావిరి లేచి గుఱి నీళ్లలో నీడవలె ఊగును. పెంపు హెచ్చినకొలది ఆ యూపును హెచ్చును. 50 మీటర్లలోపు కాల్చువానికి నాలుగింతలు చాలును, తొమ్మిదింతలు మిక్కిలి, అంతకుమించినది పరులకు చూపుకొనుటకు.

అసలు మోసము వేఱొకచోట నున్నది. గోడగడియారమును ఓరగా చూచినచో ముల్లు వేఱొక నిమిషమును చూపును గదా; అట్లే దుర్భిణిలో కన్ను నడుమనుండి ప్రక్కకు జరిగినచో గీత గుఱిమీదనుండి జాఱును. దీనిని పారలాక్సు అందురు. ప్రతి దుర్భిణిని ఏదో యొక దూరమునకు ఈ దోషము లేకుండ సరిచేసి యుంతురు. పెద్దతుపాకులవానిని సామాన్యముగా 100 గజములకును, చిన్నతుపాకులవానిని 50 గజములకును సరిచేయుదురు. 100 గజములకు సరిచేసిన 40 మిల్లీమీటర్ల గాజును 50 మీటర్లలో వాడినచో, కన్ను అంచునకు జరిగినప్పుడు తప్పు 9 మిల్లీమీటర్లవరకు పోవును. 10 మీటర్లలో నది 18 మిల్లీమీటర్లు. పదిపాయింట్ల చుక్క యర మిల్లీమీటరని పైన చెప్పియున్నాను. పాఠకులే పోల్చి చూచుకొందురు గాక. పిల్లవాడు చేయి కుదురలేదని యేడ్చును; తండ్రి తుపాకి మంచిది కాదనును; తప్పు గాజుది. కావున కొనునపుడు మొదట నడుగవలసిన ప్రశ్న పెంపెంత యని కాదు, ఈ దుర్భిణి ఎన్ని గజములకు సరిచేయబడినదని. ముందుగాజు చుట్టు త్రిప్పి దూరమును దిద్దుకొను వీలుగలది, 10 గజములవరకు దిగునది, గాలితుపాకివానికి ఉత్తమము. దానికి నాలుగురాళ్లు ఎక్కువపెట్టుట వ్యర్థము కాదు. ఎఱుపు పచ్చ దీపములతో వెలుగు గీతలకు పెట్టుట వ్యర్థము.

మన యూళ్లలో నెక్కువగా చేతులు మాఱునవి స్ప్రింగు గాలితుపాకులు. తూటాతుపాకి వెనుకకే తన్నును. స్ప్రింగుతుపాకి ముందు వెనుకకును, లోపలి ముషలము కొనకు తగిలినంతనే ముందునకును, రెండుదెబ్బలు కొట్టును. వెనుకతన్నుకే తట్టుకొను చవుక దుర్భిణిలో గాజులు ఈ ముందుదెబ్బకు కదలిపోవును. నిప్పులు గ్రక్కు పెద్దతుపాకికి పనికివచ్చిన గాజు గాలితుపాకిమీద పాడగుటకు కారణమిదియే. స్ప్రింగుతుపాకి దెబ్బకు ఓర్చునట్లు చేసినదా యని యడిగి, ఆ మాటను బిల్లుమీద వ్రాయించుకొనవలెను. ఈ చివరిమాట వకీలు బుద్ధి, అయినను పనికివచ్చును.

బిగింపు గూర్చి రెండుమాటలు. గాలితుపాకుల మీదను, చాలవఱకు పాయింట్ 22 రైఫిళ్ల మీదను గల గాడి 11 మిల్లీమీటర్లది. పెద్దరైఫిళ్ల పట్టా దాదా పిరువదియొకటి. మౌంటు ఏ గాడికో చూడక కొనిన దుర్భిణి బల్లసొరుగులో పడియుండును. స్ప్రింగుతుపాకిమీద మౌంటు జాఱకుండ అడ్డుమేకు ఉండవలెను. రెండువేల దుర్భిణికి నూఱురూపాయల మౌంటు వేసినవాడు, కొత్త ఎడ్లబండికి పాత యిరుసు వేసినవాని వంటివాడు.

కొనిన పిమ్మట పరీక్ష సులభము. తలపై మరలను త్రిప్పునపుడు టిక్కుటిక్కుమను శబ్దము వినబడును. సామాన్యముగా ఒక్కొక టిక్కు 50 మీటర్లలో మూడున్నర మిల్లీమీటర్లపైచిలుకు జరుపును, 10 మీటర్లలో ముప్పాతిక మిల్లీమీటరునకు కొంచెము తక్కువ. ఒక గుండు కాల్చి, ఇరువది టిక్కులు పైకి, మఱియొకటి కాల్చి ఇరువది కుడికి, పిదప క్రిందికి, పిదప ఎడమకు. గుఱి యెల్లప్పు డొకచోటనే. అయిదవగుండు మొదటిగుండు పడినచోటనే పడవలెను. పడకున్న నాడే తిరిగి యిచ్చివేయుడు. తుపాకి పెట్టెతో ఉచితముగా వచ్చు సన్ననిగొట్టపు 4×20 దుర్భిణులలో ఈ పరీక్షలో నిలిచినదానిని నేను చూడలేదు.

గాజు చేయలేని పనులును కలవు. గంటకు 16 కిలోమీటర్ల ప్రక్కగాలి పాయింట్ 22 తూటాను 50 మీటర్లలో రమారమి యొక అంగుళము ప్రక్కకు నెట్టును. అనగా పదిపాయింట్ల వలయమునకు రెండురెట్లకు పైగా. నిజాంపట్నము వైపునుండి వీచు సముద్రపుగాలికి మీ దుర్భిణి వెల తెలియదు. కఱ్ఱకు గుడ్డపీలిక కట్టి గుఱికి ముందు పాతినచో, ఆ పీలిక వేయిరూపాయల పెంపుకంటె నెక్కువ నేర్పును.

సముద్రపుగాలి తలపునకు వచ్చినది గావున మఱొక శత్రువును చెప్పవలెను. మన తేమలో గాజునకు బూజు పట్టును. పట్టిన బూజు గాజుపై పూతను తినివేయును, తుడిచిన పోదు. తోలుసంచిలో మూసి యటుకమీద పెట్టుట బూజునకు విందు పెట్టుటయే. నత్రజనివాయువు నింపి మూసిన గొట్టమా యని యడిగి కొని, సిలికాజెల్లు పొట్లముతో గట్టిమూతగల డబ్బాలో నుంచవలెను. బియ్యపుడబ్బా చాలును.

వెల యెంత యని మఱల అడుగుదురు. తుపాకివెలలో మూడవవంతునకు మించి దుర్భిణికి పెట్టరాదని నా లెక్క. అందులోనే మౌంటును రావలెను. ఆ సొమ్మునకు నిలుకడగల 4×32 గాని, దూరము దిద్దుకొను 3-9×40 గాని దొరకనిచో, ఆగి కూడబెట్టుడు. లేదా గంటుతోనే కాల్చుడు.

ఒక దుష్టబుద్ధిని గూర్చి చెప్పక మానరాదు. పెద్దపెంపు దుర్భిణిని కొను పడుచువారిలో కొందఱి చూపు గుఱికాగితముమీద లేదు, కొంగమీద నున్నది. గుంటూరు తెనాలుల నడుమ ఉప్పలపాడు చెఱువునకు గూడకొంగలు, ఎఱ్ఱకాళ్లకొంగలు వచ్చి చెట్లనిండ గూళ్లు పెట్టుచున్నవి. రేపల్లె మడయడవులలోను, బాపట్ల సూర్యలంక తీరమునను పక్షులకు కొదువలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టము క్రింద వానిని కొట్టుట నేరము. నేరము స్థిరపడినచో శిక్షతోపాటు తుపాకియు దానిమీది దుర్భిణియు ప్రభుత్వపరమగును. గాలితుపాకికి లైసెన్సు అక్కఱలేదను మాటను పక్షిని కొట్టుటకు లైసెన్సు అక్కఱలేదని చదువుకొనినవాని పక్షమున వాదించుట యే వకీలునకైనను కష్టము. అట్టివా డొకడు పట్టుబడినప్పుడెల్ల పత్రికలలో వచ్చునది వాని పేరు కాదు, గాలితుపాకి పేరు. అప్పుడు పైన చెప్పిన కిటికీ రెక్క కదలును.

పది యిండ్లలో పది చవుక దుర్భిణు లుండుటకంటె పదిమందికి కలసి రెండు మంచివి యుండుట మేలుగదా. దుర్భిణి అనుదినము వాడు వస్తువు కాదు. తూటాలు పోల్చునపుడు, గుఱి సరిచేయునపుడు, నెలకొక పూట. ఇట్టి వస్తువును ఉమ్మడిగా నుంచుకొనుట మనకు క్రొత్త కాదు. నేటి బాపట్ల జిల్లాలోని వేటపాలెమున 1918లో సారస్వతనికేతనమును నెలకొల్పినవారు పుస్తకమును ఇంటింటికి కొనిపింపలేదు. ఒకచోట నుంచి ఊరందఱిచేత చదివించిరి. పుస్తకమునకు చెల్లిన న్యాయము గాజునకు చెల్లకపోవునా? రైఫిలుక్లబ్బు ఆ పని చేయవచ్చును. పాయింట్ 22 లైసెన్సు దారియు క్లబ్బు గుమ్మముగుండనే పోవుచున్నదని పైన చూచియున్నాము. పిల్లవాడు పొలముగట్టున కాక గుఱిశాలలో, పెద్దవాని కనుసన్నలలో కాల్చుటకును అదియే దారి.

తెనాలి, బాపట్ల, రేపల్లెలలో నట్టి క్లబ్బునకు పూనుకొనువారికి నియమావళి ముసాయిదాను, గుర్తింపునకై పంపవలసిన దరఖాస్తును రుసుము లేక వ్రాసి యిచ్చెదను. మొదటి జాబితా పెద్దది కానక్కఱలేదు: దూరము దిద్దుకొను దుర్భిణు లొక రెండు, కాగితముమీది రంధ్రములను చూచుటకు కాలిబల్లతో నిలుపు దుర్భిణి యొకటి, దీనిని తుపాకికి తగిలింపరు గావున పోటీకి పోవు పిల్లవాడును వాడుకొనవచ్చును, ఇసుకసంచులు నాలుగు, తాళముగల బీరువా, పుచ్చుకొనువాడు తేదీ వేసి సంతకము పెట్టుటకు రిజిష్టరు పుస్తకము. రేపల్లె రైతు తన వంతు చందాగా వేయిరూపాయ లిత్తునని చెప్పిపోయినాడు. కుమారుని పదునాఱువేల దుర్భిణి మాట మాత్రము ఆ యింట నింకను తెగలేదు.